పీచుపొట్టులో లంక మిరప

అమ్మమ్మ గోదావరి మధ్య లంక వదిలి మా ఇంటికి వచ్చేసినప్పుడు వెంట తెచ్చుకున్న సామాను ఒక రేకుపెట్టె, రెండు బొంతలు, ఒక గాజుసీసా. పెట్టెనీ బొంతలనీ అమ్మ సర్దింది. సీసాని మాత్రం అమ్మమ్మ ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. దాని నిండా జల్లించిన బూడిద. ఆ బూడిదలో ఆరు ఎండుమిరపకాయలు.

ముక్తేశ్వరం దగ్గర గోదావరి లంకలో ఆమెకి ఒక చిన్న ఇల్లు, ఇంటి వెనక దొడ్డి ఉండేవి. పెళ్ళయిన కొత్తలో లంక చేలల్లో మిరపకాయ కోతకి కూలికి వెళ్ళేదట. ఒక చేలో పొట్టిగా, తోక దగ్గర చిన్న వంకర తిరిగిన కాయ కాసేది. కారం మరీ ఎక్కువ కాదు కానీ, పచ్చడి నూరితే ఆ వాసన పక్కింటి దాకా పోయేదట. రెండు పండుకాయలు కొంగున కట్టుకొచ్చి దొడ్లో వేసింది. తరవాత ఆ రైతులందరూ కొట్టులో కొనే విత్తనాలకి మారిపోయారు. అమ్మమ్మ మాత్రం ఏటా తన కాయే వేసి, తన గింజే దాచుకుంది. మొన్నటి పెద్ద వరదకి ఒడ్డు కోసుకుపోయి దొడ్డీ, ఇంటి వెనక గోడా ఏట్లో కలిసిపోయాయి. చూరులో దోపిన సీసా మిగిలింది.

"ఆ మిరప ఇంకెవరింట్లోనూ లేదా అమ్మమ్మా?" అని ఒకసారి అడిగాను.

"అందరూ నా దగ్గరే కాయలు పట్టుకెళ్ళేవారు. పట్టుకెళ్ళి పచ్చడి చేసుకు తినేసేవారు. గింజ దాచే ఓపిక ఎవరికుందే?"

అమలాపురంలో మాది రెండు గదుల డాబా. నాన్న కువైట్‌లో డ్రైవరు. కిందటిసారి సెలవుకి వచ్చినప్పుడు, వానాకాలంలో బురద అవుతోందని, ఇంటి చుట్టూ ఉన్న కాస్త నేలనీ సిమెంటు చేయించేశారు. కడగడానికి ఎంత హాయిగా ఉందో అని అమ్మ మురిసిపోయింది. అమ్మమ్మ వచ్చాక మొదటి రోజు ఆ సిమెంటు మీద కాలితో తట్టి చూసి, "మీకు నేలంటే అంత అసహ్యం ఏంటే?" అంది. సీసా తీసుకెళ్ళి రేకుపెట్టెలో పెట్టుకుంది.

రెండేళ్ళు గడిచాయి. మూడో ఏడు వానలు తగ్గుముఖం పట్టాక ఒకరోజు ఆమే సీసా తెచ్చి నా ముందు పెట్టింది. అప్పటికి నేను డిగ్రీ పూర్తిచేసి, బీఎడ్ పరీక్షకి చదువుకుంటూ ఇంట్లోనే ఉన్నాను.

"ఇంక దాచి లాభం లేదమ్మడూ. మిరప గింజ రెండేళ్ళు దాటితే ప్రాణం సన్నగిల్లిపోతుంది. పైగా వరదప్పుడు మూతలోంచి చెమ్మ చేరింది. ఈ ఏడు మొలిస్తే మొలిచినట్టు, లేకపోతే లేనట్టు. నా కళ్ళకి గింజ ఆనదు. నువ్వు వెయ్యి."

ఆరు కాయల గింజలూ ఒక పళ్ళెంలో పోశాను. తొమ్మిదే మొలిచాయి. ఒకదాన్ని నత్త తినేసింది. మిగిలినవి ఎనిమిది. ఆ ఎనిమిది మొక్కలే ఆ మిరపకి మొత్తం వంశం. ఆ మాట నేను డైరీలో రాసుకున్నాను కానీ పైకి అనలేదు. పైకి అనకపోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. కొట్టుకి వెళ్ళి ఉప్పు అడగాలన్నా ఎవరూ లేని సమయం చూసుకునే మనిషిని.

నేల లేదు కాబట్టి డాబా మీద పాత పెయింటు డబ్బాల్లో వేద్దామనుకున్నాను. మట్టి ఎక్కడిది? పట్నాల్లో వాళ్ళు కుండీల్లో కొబ్బరిపొట్టు నింపడం ఫోనులో చూశాను. దాన్ని ఇటుకల్లాగా గట్టిగా నొక్కి అమ్ముతారట, వాళ్ళు కొనుక్కుంటారట. మాకు ఆ అవస్థేముంది? అమలాపురం నుంచి ఎటు వెళ్ళినా రోడ్డు పక్కన పీచుమిల్లులే, వాటి వెనక ఇంటెత్తు పొట్టు గుట్టలే. అమ్మ తను పనిచేసే స్కూలు నుంచి వచ్చే ఆటోలో నాలుగు బస్తాలు వేయించుకొచ్చింది. మిల్లు వాళ్ళు, తీసుకెళ్ళినందుకు వాళ్ళే థాంక్స్ చెప్పారట. ఎర్రగా, మెత్తగా, చేతికి హాయిగా ఉన్న ఆ పొట్టునే నిండా నింపి, పైన గుప్పెడు పేడ ఎరువు చల్లి, ఎనిమిది మొక్కలూ నాటాను. చాలా తెలివైన పని చేశాననుకున్నాను.

అమ్మమ్మ తన వంతు తాను చేసింది. మా ఇంట్లో గ్యాసున్నా, స్నానానికి నీళ్ళు మాత్రం ఆమె పెరటి మూల పొయ్యి మీదే కాచేది. కొబ్బరి కమ్మలూ, కాయ ఒలిచిన పీచు డొక్కలూ మండించేది. పొద్దున్నే చల్లారిన బూడిద చిప్పలో ఎత్తుకుని, మెట్ల గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి, ప్రతి డబ్బాలోనూ గుప్పెడు వేసేది.

"లంకలో దీనికి నేను పెట్టిన తిండి ఇదే. ఎరువుల కొట్టు మొహం చూడలేదు ఇది," అనేది మొక్కల వైపు గర్వంగా చూస్తూ.

మొదటి ఇరవై రోజులు బాగానే ఉన్నాయి. తరవాత మొక్కలు మొత్తంగా వెలవెలబోయాయి. ఆకుపచ్చ కాస్తా, కడిగి కడిగి వెలిసిపోయిన చీరలా అయింది. వేరుశనగ చెక్క నానబెట్టి ఆ నీళ్ళు పోయమంది అమ్మ. పోశాను. కొంచెం తేరుకున్నాయి. అంతలోనే ఇంకో రకంగా మొదలైంది. కింది ఆకుల్లో ఈనెలు పచ్చగానే ఉన్నాయి, వాటి మధ్య భాగం మాత్రం పసుపు. వలలా కనిపించేది. దాని తరవాత పైన వచ్చే చిగురు చిన్నదిగా, నలిగినట్టుగా రావడం మొదలైంది. ఒక మొక్క అందరికంటే తానే ముందని తొందరపడి రెండు పిందెలు వేసింది. ఆ పిందెల తోకలు గోధుమరంగుకి తిరిగి, లోపలికి నొక్కుకుపోయాయి. అవి అలాగే రాలిపోయాయి.

ఏం చెయ్యాలో తెలియక నేను రాయడం మొదలుపెట్టాను. రోజూ ఒక్కో డబ్బా దగ్గర కూర్చుని, ఏ ఆకు, కింది నుంచి ఎన్నోది, ఎలా ఉంది అని డైరీలో రాసేదాన్ని. రాలిన ఆకుని ఆ తేదీ పేజీలోనే పెట్టేదాన్ని. ఆ నెల డైరీలో మనుషుల ఊసే లేదు.

ఒక గురువారం పొద్దున్న అమ్మమ్మ చిగురుని వేళ్ళతో తడిమింది. ఆమెకి చూపు సరిగా ఆనదు కానీ వేళ్ళకి అన్నీ తెలుస్తాయి. చెయ్యి వెంటనే వెనక్కి తీసుకుంది.

"బొబ్బర," అంది.

బొబ్బర తెగులంటే మిరప వేసేవాళ్ళందరికీ భయమే. ఆకులు ముడుచుకుపోయి మొక్క గిడసబారిపోతుంది. తెల్లదోమ ఒక మొక్క మీంచి ఇంకో మొక్క మీదికి మోసుకుపోతుంది. వచ్చిన మొక్కకి మందు లేదు.

"ఎన్నిటికి వచ్చిందే?"

"ఐదిటికి చిగురు ముడుచుకుంది అమ్మమ్మా. మూడు పరవాలేదు."

"అయితే ఆ ఐదూ పీకెయ్యాలి. పీకి తగలబెట్టాలి. మూడైనా దక్కుతాయి."

"ఇంకొన్ని రోజులు చూద్దామా?"

"చూద్దాం చూద్దామని చేనంతా పోగొట్టుకున్నోళ్ళని నా కళ్ళతో చూసేను. ఆదివారం చర్చి నుంచి వచ్చేక పీకేద్దాం. ఈలోగా ఏడుపేదో ఏడ్చెయ్యి."

నేను ఏడవలేదు. ఆమె మాత్రం ఆ మధ్యాహ్నం అన్నం సగంలో వదిలేసింది. పీకమని చెప్పింది ఆమే కానీ, ఆ మొక్కలు పోతే పోయేది ఆమెదే. లంకలో ఇల్లు పోయింది, దొడ్డి పోయింది. అక్కడి నుంచి ప్రాణంతో వచ్చింది తనూ ఈ గింజా. నాకు రెండు రోజుల గడువుంది.

శుక్రవారం మధ్యాహ్నం, అందరూ భోజనాలకి వెళ్ళి కొట్టు ఖాళీగా ఉంటుందని లెక్క వేసుకుని, మార్కెట్ వెనక ఉన్న ఎరువుల కొట్టుకి వెళ్ళాను. లెక్క తప్పింది. బల్ల మీద నలుగురు రైతులు కూర్చుని టీ తాగుతున్నారు. వెనక్కి తిరిగిపోదామనుకునే లోపే కళ్ళజోడు పెట్టుకున్న కొట్టాయన చూసేశారు.

"రండమ్మా, చెప్పండి. ఏం కావాలండి?"

"మిరపకండి. ఆకులు పసుపు అవుతున్నాయండి."

"ఆయ్. ఎన్నెకరాలండి?"

"ఎనిమిది," అన్నాను.

బల్ల మీదున్న ఒకాయన టీ గ్లాసు దించారు. "ఎనిమిదెకరాల మిరపే! ఎక్కడండి, మన లంకల్లోనాండి?"

"ఎకరాలు కాదండి... డబ్బాలండి. పెయింటు డబ్బాలు."

నలుగురూ ఒక్కసారే నవ్వారు. "పోన్లెండి, మీకు కోత కూలీల గొడవ లేదు," అన్నారొకాయన. "పెయింటు డబ్బా పొలం మాకూ చూపించండమ్మా, కౌలుకి తీసుకుంటాం," అన్నారింకొకాయన. నా చెవులు మండిపోయాయి. వాళ్ళు వెక్కిరించడానికి నవ్వలేదని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం కాళ్ళు వీధి వైపు తిరిగే ఉన్నాయి.

కొట్టాయన నవ్వలేదు. "కింది ఆకులాండి, పై ఆకులాండి?" అని అడిగారు.

"ముందు... ముందు కిందివి. తరవాత..."

సంచీలోంచి డైరీ తీసి, ఆ పేజీలు తెరిచి ఆయన ముందు పెట్టేశాను. ఆయన కళ్ళజోడు పైకి జరుపుకుని చదవడం మొదలుపెట్టారు. నా డైరీని ఇంకొకరు చదవడం అదే మొదటిసారి. పేజీలో ఎండిన ఆకు కనిపించినప్పుడల్లా దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టి చూసి, జాగ్రత్తగా మళ్ళీ అక్కడే పెట్టేవారు. రైతులు కూడా వచ్చి ఆయన భుజం మీంచి తొంగి చూశారు.

"మీరందరూ ఇలా రాసుకొస్తే నేను సగం మందులు అమ్ముకోలేనండోయ్," అన్నారు ఆయన వాళ్ళతో. తరవాత నాకు చెప్పడం మొదలుపెట్టారు.

"చూడమ్మా. కొన్నిటిని మొక్క కింది ఆకుల్లోంచి లాక్కుని పై చిగురుకి పంపుకోగలదు. ఇంట్లో తిండి తక్కువైతే తల్లి తన కంచంలోది పిల్లలకి పెట్టదాండి, అలాగన్నమాట. నత్రజని అలాంటిదే, మెగ్నీషియమూ అలాంటిదే. అవి తక్కువైతే కింది ఆకు ముందు పోతుంది. ఆకంతా వెలిసిపోతే నత్రజని. ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపైతే మెగ్నీషియం. మీరు రాసింది చూస్తే ముందు అది, తరవాత ఇది."

"మరి చిగురు ముడుచుకోవడం?"

"కాల్షియం అలా లాక్కోడానికి కుదరదు. అది తక్కువైతే కొత్త చిగురే దెబ్బతింటుంది. పిందె తోక కుళ్ళినట్టవుతుంది. పిందెలు ఎలా రాలేయి?"

ఆ పేజీ తిప్పి చూపించాను. ఆయన తల ఊపారు.

"ఒక్కసారే ఇన్ని తక్కువయ్యేయంటే తప్పు మొక్కది కాదండి, డబ్బాలోది. దేంట్లో వేశారు?"

"పీచుపొట్టండి. మిల్లు దగ్గరది."

"కడిగేరా?"

"పొట్టుని కడగడమేంటండి?"

రైతుల్లోంచి మళ్ళీ నవ్వు వినిపించింది కానీ, ఈసారి వేరుగా ఉంది. "మా కోడలూ అదే పని చేసిందండి, గులాబీలకి," అన్నారు కౌలు అడిగినాయన. "ఊరికే వస్తోంది కదా అని మన కోనసీమోళ్ళం అందరం చేసే పనే ఇది."

కొట్టాయన వివరించారు. పట్నాల వాళ్ళు కొనుక్కునే పొట్టు కడిగి, మాగబెట్టి వచ్చింది. మిల్లు వెనక గుట్టలో ఉండేది పచ్చిది. అది కుళ్ళడం కోసం మొక్కకి పెట్టిన నత్రజనిని అదే తినేస్తుంది. పైగా దాన్నిండా ఉప్పు, పొటాషు. పొటాషు మరీ ఎక్కువైతే మెగ్నీషియాన్నీ కాల్షియాన్నీ వేరులోకి రానివ్వదు. "బస్సులో ఒకడే సీటంతా పరుచుకు కూర్చున్నట్టు," అన్నారు. తరవాత, "ఇంకేమైనా వేస్తున్నారా?" అని అడిగారు.

"బూడిదండి. కొబ్బరి డొక్కల బూడిద."

"ఎంత?"

"రోజూ. డబ్బాకి గుప్పెడు."

ఆయన కళ్ళజోడు తీసేశారు. "ఆయ్," అన్నారు మెల్లగా. "బూడిదంటే అంతా పొటాషేనమ్మా."

బొబ్బర గురించి అడిగాను, అమ్మమ్మ ఆదివారం పీకేస్తానంటోందని చెప్పాను. ఆయన ఆమె మాట కొట్టిపారెయ్యలేదు. "బొబ్బరైతే పెద్దావిడ చెప్పిందే సరైనది. పీకెయ్యండి. కానీ ముందు చూసుకోండి. మొక్కని కదిపితే కింది నుంచి తెల్లటి దోమలు లేస్తున్నాయా? తెల్ల కాగితం పట్టి చిగురుని దాని మీద తట్టండి. సన్నగా కదిలేవి ఏమైనా పడుతున్నాయా? ఎనిమిది మొక్కలకీ చూడండి. ఏమీ లేకపోతే పీకొద్దు."

మెగ్నీషియం సల్ఫేటూ, కాల్షియం నైట్రేటూ పెద్ద పాకెట్లలోనే వస్తాయట. ఎనిమిది డబ్బాలకి పాకెట్టు ఏం చేసుకుంటారని, ఆయనే తెరిచిన సంచుల్లోంచి కొంచెం కొంచెం తీసి రెండు పొట్లాలు కట్టి, నా డైరీ మీదే పెట్టి ఇచ్చారు. ముందు మెగ్నీషియం పొట్లంలోది లీటరు నీళ్ళకి చెంచాడు కలిపి ఆకుల మీద పిచికారీ. వారం ఆగి రెండోది. రెండూ ఒకే నీళ్ళలో కలిపితే విరిగిపోయి తెల్లగా అడుగున దిగిపోతాయి, ఎందుకూ పనికిరావు. బూడిద ఆపాలి. పొట్టుని బాగా కడగాలి, కుదిరితే మట్టి కలపాలి.

"ఇంకో మాటండి. పసుపైన పాత ఆకు మళ్ళీ పచ్చబడదు. దాన్ని చూసి దిగులు పెట్టుకోకండి. కొత్తగా వచ్చే ఆకు చూడండి."

ఇంటికి వచ్చి డాబా మీదికి పరిగెత్తాను. డైరీలో ఇంకా రాయని తెల్ల పేజీ తెరిచి ఒక్కో చిగురు కింద పట్టి తట్టాను. దుమ్ము పడింది. ఒక ఎండు పువ్వు రేకు పడింది. మూడో డబ్బా దగ్గర ఏదో కదిలితే కాగితం కళ్ళకి దగ్గరగా పట్టుకున్నాను. చూస్తే చీమ. ఎనిమిది మొక్కలు కదిపినా ఒక్క తెల్లదోమ లేవలేదు.

అమ్మమ్మకి ఆ మాట చెప్పాను. "కొట్టాయన చెప్పేడా? ఆయన మందు అమ్ముకోవాలి కదా," అంది. కానీ ఆదివారం సంగతి మళ్ళీ ఎత్తలేదు.

నేను చెప్పలేకపోయింది బూడిద సంగతి. ఎలా చెప్పాలి? మోకాళ్ళ నొప్పితో రోజూ ఇరవై మెట్లు ఎక్కి తెస్తున్న బూడిద అది. ఆ గుప్పెడు వేసేటప్పుడు ఆమె మొహంలో ఉండే వెలుగు నాకు తెలుసు. శనివారం పొద్దున్న ఆమె బూడిద వేసి కిందికి దిగేదాకా ఆగి, చెంచాతో ఆ బూడిదంతా మెల్లగా పైకి తీసి కాగితంలో పోయడం మొదలుపెట్టాను. ఐదో డబ్బా దగ్గర ఉండగా వెనక నుంచి మాట వినిపించింది. చిప్ప మర్చిపోయి మళ్ళీ వచ్చింది.

"ఏం చేస్తున్నావే?"

చెంచా చేతిలోనే ఉంది.

"నా చేత్తో పెట్టింది ఎంగిలైపోయిందా? తీసేస్తున్నావు?"

"కాదమ్మమ్మా. కొట్టాయన... బూడిద ఎక్కువైందట. పొట్టులో ఉన్నదీ, బూడిదలో ఉన్నదీ ఒకటేనట. రెండూ కలిసి..."

"నలభై ఏళ్ళు వేసేను. ఒక్క మొక్క చావలేదు నా బూడిదకి."

చిప్ప తీసుకుని దిగిపోయింది. ఆ రోజు నాతో మాట్లాడలేదు. ఆదివారం చర్చిలో పక్కనే కూర్చుంది కానీ పాటల పుస్తకం నా వైపు జరపలేదు. ఎప్పుడూ పాట అంకె చూసి పేజీ తీసిపెట్టేది నేను. ఆ రోజు పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకునే పాడింది. ఆమెకి అన్నీ నోటికొచ్చు.

డైరీలో రాసుకున్నాను, ఆమెని గాయపరిచానని. దొంగచాటుగా తియ్యడం వల్ల ఇంకా ఎక్కువ గాయపరిచానని. పదిసార్లు రాసి కొట్టేసి, చివరికి సాయంత్రం ఆమె పొయ్యి దగ్గర కూర్చుని ఉంటే వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. రాసుకున్నదేదీ గుర్తు రాలేదు. "నీ బూడిదది తప్పు కాదమ్మమ్మా. తప్పు నాదే. లంక మట్టిలో వేసినట్టు అనుకుని పొట్టులో వేసేను," అన్నాను.

ఆమె కొబ్బరి డొక్కని పొయ్యిలోకి తోసింది.

"కాలవ గట్టున పీచు తియ్యడానికి డొక్కలు నానేసే గుంటలుండేవి మా చిన్నప్పుడు," అంది. "ఆ గుంటల పక్కన గడ్డి కూడా మొలిచేది కాదు. నీళ్ళు నల్లగా, టీ డికాషన్లా ఉండేవి. మేకలు కూడా ముట్టేవి కాదు. ఆ నీళ్ళేగా నీ డబ్బాల్లోంచి కారుతున్నాయి. నిన్న చెయ్యి పెట్టి చూసేను. నాకెందుకు తట్టలేదో."

"నాకూ తట్టలేదు."

"నీకెలా తడతాదే, సిమెంటు మీద పుట్టేవు." అది తిట్టే, కానీ రెండు రోజుల తరవాత నాతో అన్న మొదటి తిట్టు. నాకు నవ్వొచ్చింది. "లంక ఒండ్రైతే ఎంత బూడిదైనా మింగేస్తుంది, ఏటా ఏరు వచ్చి కడిగేస్తుంది. డబ్బాకి ఏరెక్కడిది? పొద్దున్న ముక్తేశ్వరం పోదాం. రెండు బస్తాల ఒండ్రు తెచ్చుకుందాం."

సోమవారం ఆటో మాట్లాడుకుని వెళ్ళాం. రేవు దగ్గర ఏరు బాగా తగ్గి ఉంది. వరద వదిలి వెళ్ళిన ఒండ్రు ఒడ్డున పగుళ్ళిచ్చి ఉంది. అమ్మమ్మ చెప్పులు విప్పి దాని మీద నడిచింది. తన దొడ్డి ఉన్న చోటు ఎటో నాకు చూపిస్తుందనుకున్నాను. చూపించలేదు. గుప్పెడు ఒండ్రు తీసి పిసికి, వాసన చూసి, "ఇది ఇసక. అటు పక్కది తియ్యి," అని నన్ను అటూ ఇటూ తిప్పింది. నేను బస్తాలోకి ఎత్తుతుంటే ఆటో ఆయన, "మట్టికోసం అమలాపురం నుంచి వచ్చేరాండి?" అని ఆశ్చర్యపోయాడు.

"నా దొడ్డి మట్టేనయ్యా. ఏరు అరువు పట్టుకెళ్ళింది, కొంచెం తిరిగి తీసుకుంటున్నాను," అంది అమ్మమ్మ.

తరవాతి రెండు రోజులూ పనే పని. కుళాయికి గొట్టం తగిలించి, ప్రతి డబ్బాలోనూ అడుగు చిల్లుల్లోంచి తేట నీళ్ళు వచ్చేదాకా పోశాను. ముందు నిజంగానే టీ డికాషన్ రంగులో వచ్చాయి. అమ్మ సిమెంటు మీద మరకలు చూసి గుండె బాదుకుంది. వేళ్ళు కదలకుండా పైనుంచి జానెడు పొట్టు తీసేసి, మాగిన పశువుల ఎరువు కలిపిన ఒండ్రు నింపాను. ఒక మొక్క అప్పటికే బాగా నీరసించి ఉండి, ఆ మార్పుకి తట్టుకోలేక వాలిపోయింది. ఏడు మిగిలాయి. ఎండ రాకముందే మొదటి పొట్లం నీళ్ళు పిచికారీ చేశాను. ఆకు అడుగున కూడా తడవాలని అమ్మమ్మ ఆకులు తిరగేసి పట్టుకుంది.

తరవాత చెయ్యడానికి ఏమీ లేదు. ఎదురుచూడటమే. నేను రోజుకి నాలుగుసార్లు వెళ్ళి కింది పసుపు ఆకుల్నే చూసి దిగులుగా వచ్చేదాన్ని. కొట్టాయన చెప్పిన మాట తెలుసు, అయినా కళ్ళు వాటి మీదికే పోయేవి. వారానికి రెండో పొట్లం కూడా కొట్టాను. ఇంకో నాలుగైదు రోజులకి, డాబా మీద బట్టలు ఆరేస్తుంటే అమ్మమ్మ పిలిచింది.

"అమ్మడూ, ఇలా రా. ఇది చూసి చెప్పు, నాకు ఆనట్లేదు."

రెండో డబ్బాలో మొక్క నడిమి చిగురు. అమ్మమ్మ రెండు వేళ్ళ మధ్య పట్టుకుని ఉంది. ఆకు చిన్నదే, కానీ ఎక్కడా నలగలేదు. చదునుగా, నూనె రాసినట్టు మెరుస్తూ ఉంది. పచ్చగా ఉంది.

"బాగుందమ్మమ్మా."

"నాకు తెలుసు. నీ నోటి నుంచి వినాలని," అంది.

క్రిస్మస్‌కి ఏడు మొక్కలూ పూశాయి. కొత్త ఏడాదిలో మొదటి పిందెల్లో మూడింటికి తోక గోధుమరంగైంది. మళ్ళీ ఒకసారి రెండో మందు కొట్టాను, నీళ్ళు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ కాకుండా చూసుకున్నాను. తరవాతి కాయలు శుభ్రంగా దిగాయి. పొట్టిగా, తోక దగ్గర చిన్న వంకరతో. నేను ఆ కాయని అంతకుముందు ఎండిపోయి ముడతలు పడినప్పుడే చూశాను. పచ్చిగా చూడటం అదే మొదలు.

అమ్మ ఒకటి కొయ్యబోతే అమ్మమ్మ చేతి మీద కొట్టినంత పని చేసింది. ఏ కాయలు విత్తనానికో ముందు ఆమె తేల్చాలి. ఒక్కో మొక్కనీ తడిమి, బాగా నిండిన కాయలకి పాత చీర అంచులోంచి లాగిన ఎర్ర దారం కట్టింది. దారం కట్టినవి పండే దాకా ముట్టకూడదు. మిగిలినవాటిలోంచి నాలుగు ఇచ్చింది. కొబ్బరి పచ్చడి రుబ్బాం. వాసన పక్కింటికి వెళ్ళిందో లేదో తెలియదు. పక్కింటావిడ ఒక గిన్నె పట్టుకుని వచ్చింది మాత్రం నిజం. ఫోనులో నాన్నకి కాయ చూపిస్తే, "అదేంటది, ఇంతేనా?" అన్నారు. అమ్మమ్మ చాలాసేపు ఆయనతో మాట్లాడలేదు.

ఎర్ర దారం కాయలు ఫిబ్రవరిలో పండాయి. పద్దెనిమిది. నీడలో ఆరబెట్టాం. అందులో ఆరు కాయలు ఒక కాగితంలో కట్టి ఎరువుల కొట్టుకి నేనే తీసుకెళ్ళాను. ఈసారి సమయం చూసుకోలేదు. బల్ల మీద మనుషులున్నారు.

"రండమ్మా! పొలం ఎలా ఉందండి?" అన్నారు కొట్టాయన.

"బాగుందండి. ఇవి మీకని అమ్మమ్మ పంపింది. తినకుండా వేసుకోవాలటండి. గింజ దాచాలట. దాచకపోతే వచ్చి అడుగుతుందట."

ఆయన ఒక కాయ తీసి ఆ వంకర తోకని చాలాసేపు చూశారు. ఇలాంటిది చిన్నప్పుడు వాళ్ళ అమ్మగారింట్లో చూశానన్నారు, మళ్ళీ చూస్తాననుకోలేదన్నారు. బల్ల మీంచి కౌలు అడిగినాయన చెయ్యి చాపారు. "మాకూ రెండు ఇవ్వండి, మాకు నేలుంది." కొట్టాయన మూడు ఇచ్చారు.

ఆ సాయంత్రం అమ్మమ్మ గాజుసీసా కడిగి ఎండలో బోర్లించి, తడి ఆరాక నా ముందు పెట్టింది. మిగిలిన పన్నెండు కాయలూ పక్కన ఉన్నాయి.

"ఏమే, ఇందులోనైనా వెయ్యనిస్తావా బూడిద? మీ కొట్టాయన్ని అడిగి రావాలా?"

పొయ్యి దగ్గరికి వెళ్ళి పొద్దున్నటి చల్లారిన బూడిద చిప్పలో ఎత్తుకొచ్చాను. బొగ్గు ముక్కలు లేకుండా పాత పల్చటి గుడ్డలోంచి జల్లించాను. అమ్మమ్మ అడుగున గుప్పెడు వేసి, కాయలు పేర్చి, మళ్ళీ గుప్పెడు వేసింది. సీసా సగానికి వచ్చేసరికి ఆగి, ఆరు కాయలు పక్కన పెట్టింది.

"ఇంకో సీసా ఉందా ఇంట్లో? ఒక్క చోటే పెట్టకూడదు. ఒకటి నీ దగ్గరుండాలి."

వంటింట్లోంచి పచ్చడి సీసా ఒకటి తెచ్చి కడిగి తుడిచాను. దాన్ని ఆమె నింపలేదు. నా చేతికే ఇచ్చి, పక్కన కూర్చుని చూసింది. మొదటి గుప్పెడు తక్కువ వేశానట, ఇంకొంచెం వెయ్యమంది.